జీడి మెడలో నేను

నన్ను ఇష్టపడిన ప్రాణి ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. నేను ప్లాస్టిక్ గరాటుని. కుక్కకో పిల్లికో కుట్లు పడ్డాక, అది వాటిని నాక్కోకుండా గోక్కోకుండా మెడకు తొడిగేది నన్నే. ఇంగ్లండును మొదటి ఎలిజబెత్ ఏలిన రోజుల్లో దొరలూ దొరసానులూ మెడ చుట్టూ గంజిపెట్టిన కుచ్చుల పట్టీలు కట్టుకునేవారు. వాటి మీదే మా వంశానికి ఎలిజబెతన్ కాలర్ అని పేరొచ్చింది. పేరు మహారాణిది, బతుకు మాత్రం తిట్లు తినేది. విజయవాడలో నన్ను కొన్న ఇంట్లో మామ్మ నన్ను ‘మైకు’ అనేది, మనవడు ‘డిష్ యాంటెనా’ అనేవాడు. కోడలు ఒక్కతే మర్యాదగా ‘గరాటు’ అనేది.

నేను ఆ ఇంటికి చేరేసరికి జీడికి నాలుగైదు నెలలు ఉంటాయి. నువ్వుల జీడి రంగు ఒళ్లు, అందుకే ఆ పేరు. వానాకాలంలో అపార్టుమెంటు మెట్ల కింద దొరికిందట, ముక్కు కారుతూ, రెండు కళ్లూ పుసులతో అతుక్కుపోయి. వీధిలో పుట్టిన పిల్లికూనల్లో ఇది తరచూ చూసేదే. పిల్లులకు జలుబు తెచ్చే హెర్పిస్ వైరస్ ఒకటుంది. పెద్దవాటిని చాలావరకు తుమ్ములతో వదిలేస్తుంది. కూనల దగ్గరికొస్తే కంటి మీది అద్దంలాంటి పొరను, అదే కార్నియాను, తినేస్తుంది.

జీడి కుడికన్ను తేరుకుంది. ఎడమకంట్లో పుండు పడింది. ఎవరో చెప్పారని మందుల షాపుకెళ్తే, పిల్లికా మనిషికా అని కూడా అడక్కుండా ఎరుపు తగ్గే చుక్కలు ఇచ్చారట. అందులో స్టెరాయిడ్ ఉంది. పుండున్న కార్నియా మీద స్టెరాయిడ్ పడితే ఎరుపు తగ్గుతుంది, వాపు తగ్గుతుంది, ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. లోపల పుండు మానడం ఆగిపోయి వైరస్ విజృంభిస్తుంది. గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లాక అసలు సంగతి బయటపడింది. డాక్టరుగారు నారింజరంగు కాగితపు ముక్క తడిపి కంటికి ఆనించి నీలం లైటు వేస్తే, పుండున్నంత మేరా పచ్చగా వెలిగిందట. తర్వాత వారమైనా గడవకముందే కార్నియాకు చిల్లు పడి, లోపలి రంగు పొర నల్లటి బొడిపెలా బయటికి పొడుచుకొచ్చింది. నన్ను కొన్నది ఆ రోజే.

అంటే నా ఉద్యోగం ఆపరేషన్ తర్వాత మొదలవలేదు, ముందే మొదలైంది. జీడి ముంగాలితో ఆ కంటిని రాస్తూనే ఉండేది. చెవుల చుట్టూ ఉంటాను కాబట్టి దానికి చెప్పిన ప్రతి మాటా నాకూ వినిపించింది. కనుగుడ్డు తీసెయ్యాలన్నారు డాక్టరుగారు. కోడలి గొంతు పూడుకుపోయింది.

‘చూపు పోయినా గుడ్డు ఉంచలేమా సార్? చూడ్డానికి...’

‘చూడ్డానికి ఎవరికమ్మా?’

ఆయన విసుక్కోలేదు, నిజంగానే అడిగారు. పిల్లికి అద్దం అక్కర్లేదు. దానికి ఆ కన్నంటే నొప్పి, అంతే. పిల్లి నొప్పిని అరిచి చెప్పదు. మూలకు తిరిగి కూర్చుంటుంది, ఎక్కువ నిద్రపోతుంది, ఆడదు. మనుషులేమో ‘ఎంత బుద్ధిమంతురాలో’ అనుకుంటారు. ఆయన ఇంకో మాట కూడా చెప్పారు. దెబ్బతిని చితికిన కంటిని పిల్లిలో అలాగే వదిలేస్తే, ఏళ్ల తర్వాత అందులోనే సార్కోమా అనే క్యాన్సర్ పుట్టొచ్చట. ఎక్కువగా పిల్లుల్లోనే కనిపించే దరిద్రం ఇది.

అయినా వెంటనే కత్తి పట్టలేదు. ముక్కు మూసుకుపోయిన కూనకు మత్తు ఇవ్వడం ప్రమాదం కాబట్టి ముందు జలుబు తగ్గాలన్నారు. ఆ రోజుల సేవంతా ముక్కు చుట్టూనే తిరిగింది. వాసన తెలియకపోతే పిల్లి ముద్ద ముట్టదు. రెండు మూడు రోజులు తిండి మానేస్తే కాలేయం కొవ్వు పట్టి పాడయ్యే జాతి అది. అందుకని ఉడికించిన చికెన్‌ను గోరువెచ్చగా, వాసన గుప్పుమనేలా చేసి పెట్టేవారు. బాత్రూంలో వేడినీళ్లు వదిలి, ఆవిరి నిండాక జీడిని ఒళ్లో పెట్టుకుని కోడలు పీటమీద కూర్చునేది. ఆవిరికి నా ఒంటి మీద చెమట పట్టేది. మామ్మ పాలగిన్నె తెచ్చేది. పిల్లికి పాలు పడవు, విరేచనాలవుతాయని డాక్టరు చెప్పినా ఆవిడ నమ్మలేదు. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి సామెతల్లో ఉంది గానీ, పాలు అరిగే పిల్లి అందులో ఎక్కడుంది?

మామ్మ మొండితనం ఇంకోచోట ప్రాణం మీదికి తెచ్చేదే. ఒళ్లు వెచ్చబడిందని పారాసెటమాల్ బిళ్లలో చిన్న ముక్క చిదిపింది. కోడలు చూసి చెయ్యి పట్టుకుంది. ఆ మందు విషాన్ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి లేదు. రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి వచ్చేస్తుంది. మనిషికి అరబిళ్ల, పిల్లికి చావు. నొప్పికి డాక్టరు ఇచ్చిన మెలాక్సికామ్ వేరే ఉంది, అది కూడా బరువు తూచి, సిరంజితో కొలిచి ఇచ్చేది.

ఆపరేషన్ రోజు పొద్దున తిండి ఆపారు. పెద్ద పిల్లులకు రాత్రి నుంచే ఆపుతారు గానీ, కూనల్ని అంతసేపు పస్తుంచితే రక్తంలో చక్కెర పడిపోతుంది. అందుకే కొద్ది గంటలే. మత్తు ఎక్కాక నన్ను ఊడదీసి గది మూల బల్ల మీద పడేశారు. అది కాలేజీ ఆసుపత్రి కావడం నా అదృష్టం. డాక్టరుగారు చేతులతో కోస్తూ నోటితో విద్యార్థులకు పాఠం చెప్పారు.

మత్తులో పిల్లి కళ్లు మూసుకోవట, అందుకే ముందు మంచి కంటికి జెల్ రాశారు. కంటి వెనక మత్తు సూది వేశారు. గుడ్డును లాగితే గుండె నెమ్మదిస్తుందని, మానిటర్ చప్పుడు మీద ఒక చెవి వేసి ఉంచమని ఒకమ్మాయికి చెప్పారు. తర్వాత ఆయన గొంతు తగ్గింది. పిల్లిలో కంటి నరం పొట్టిది. రెండు కళ్ల నరాలు కలిసే చోటు దగ్గర్లోనే ఉంటుంది. ఈ గుడ్డును గట్టిగా లాగితే రెండో కన్ను గుడ్డిది కావచ్చు. ‘తొందరపడ్డారా, ఒకటి తియ్యబోయి రెండూ తీసినట్టే’ అన్నారు. ఆ గదిలో అందరూ ఊపిరి బిగపట్టారు. నాకు ఊపిరి లేదు కాబట్టి సరిపోయింది. గుడ్డుతో పాటు మూడో రెప్పను, రెప్పల అంచుల్నీ తీసేసి చర్మాన్ని అడ్డంగా కుట్టేశారు. అంచులు ఉంచేస్తే రెప్పలు అతుక్కోవట.

ఇంటికొచ్చాక అసలు రభస మొదలైంది. మొదటి రాత్రి జీడి తూలుతూ వెనక్కి నడిచింది. గరాటు పెట్టిన పిల్లులు చాలావరకు ఇలాగే చేస్తాయి, వెనక్కి నడిస్తే నేను ఊడిపోతానని వాటి ఆశ. మంచం కాలికి, తలుపుకి, బియ్యం డబ్బాకి నా అంచు కొట్టుకుంది. జీడి ఎడమ చెక్కిలి ఉబ్బి నల్లబడింది. ముక్కులోంచి నెత్తురు చుక్క కారితే మనవడు ఏడుపందుకున్నాడు. కన్నీరు ముక్కులోకి దిగే గొట్టం ఉంటుంది కదా, ఆపరేషన్ నెత్తురు అందులోంచి మొదట్లో కాస్త రావచ్చని ముందే చెప్పి పంపారు. ఆగకపోతేనో, ఉబ్బు రోజురోజుకీ పెరిగితేనో, కుట్ల దగ్గర వాసనొస్తేనో పరుగెత్తుకు రమ్మన్నారు.

జీడి దొడ్డికెళ్లే ట్రేలో ఇసుక తీసి చింపిన వార్తాపత్రికలు వేశారు, దుమ్ము కుట్లకు అంటకుండా. గిన్నెల కింద పీటేసి ఎత్తు పెంచారు. బీరువా పైకి, కిటికీ గట్టు మీదికి దూకకుండా చిన్నగదిలోనే ఉంచారు. మనవడికి ఒకే నియమం పెట్టారు. కుడివైపు నుంచి రావాలి, ముందు పేరు పెట్టి పిలవాలి. ఎడమ నుంచి చడీచప్పుడు లేకుండా తాకితే జీడి ఉలిక్కిపడి పంజా విసిరేది. వాడి చేతి మీద గీతలు పడ్డాకే ఆ నియమం వాడికి ఒంటబట్టింది.

మామ్మకు నన్ను చూస్తే ఒళ్లుమంట. ‘కన్ను తీసింది చాలక ఉరి కూడా వేశారు’ అని, మధ్యాహ్నం అందరూ నిద్రపోయాక నా పట్టీ ఊడదీసింది. జీడి హాయిగా ఒళ్లు నాక్కుంది, ఆ తర్వాత వెనక్కాలితో కుట్లు గోకింది. ఒకటి తెగింది. మళ్లీ గన్నవరం, మళ్లీ కుట్టు, మళ్లీ నేను. ఆ రాత్రి మామ్మ జీడిని ఒళ్లో పడుకోబెట్టుకుని, వామనుడి దర్భపుల్లకు శుక్రాచార్యుడి కన్ను పోయిన కథ చెప్పింది. ‘ఒంటికంటితోనే రాక్షసులందరికీ గురుత్వం చేశాడే, నీకేమయిందే’ అంది. కమండలం కొమ్ముకి అడ్డంపడి కన్ను పోగొట్టుకున్న వాడి కథ వింటుంటే, కంటికి అడ్డంపడటమే వృత్తిగా ఉన్న నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది.

సాధారణంగా 10 నుంచి 14 రోజుల్లో కుట్లు తీస్తారు. తెగిన కుట్టు పుణ్యమా అని జీడికి ఇంకాస్త ఆలస్యమైంది. నన్ను తీసేసిన క్షణాన నాకో సంగతి తెలిసొచ్చింది, చెప్పుకోవడానికి గొప్పగా లేదు. ఇన్నాళ్లూ జీడికి లోకాన్ని దూరం చేసింది పోయిన కన్ను కాదు, నేను. పిల్లి మీసాలతో చూస్తుంది, చెవులు తిప్పి చూస్తుంది, వాటన్నిటి చుట్టూ గోడ కట్టింది నేనే. నేను పోగానే అది ఇల్లంతా మీసాలతో తడుముకుంటూ ఓ చుట్టు తిరిగింది. దూకేముందు తలను పైకీ కిందికీ ఆడించి దూరం అంచనా వేసింది. రెండు కళ్లూ కలిసి చెప్పే లోతు లేదు కదా, తల కదిపి ఆ లెక్క రాబట్టుకుంటోంది. మొదట్లో కుర్చీ అందక జారింది. కొన్నాళ్లకు బల్లిని పట్టింది. కోడలు మాత్రం ఆ కుట్టిన చోటు వైపు చాలాకాలం చూడలేదు, ఫొటోలన్నీ కుడివైపు నుంచే తీసింది.

ఇప్పుడు వాళ్ల కాపలా అంతా ఆ మిగిలిన కంటికి. హెర్పిస్ ఒళ్లు వదిలిపోదు, నరాల్లో దాక్కుంటుంది, బెదురు పుట్టినప్పుడు మళ్లీ లేవొచ్చు. కన్ను చికిలించినా, నీరు కారినా ఆ రోజే గన్నవరం ప్రయాణం. టీకాలూ వేయించారు. దాదాపు 8 వారాల వయసులో మొదలుపెట్టే టీకా అది. మెట్ల కింద పుట్టినవాటికి వేసేదెవరు?

నేను డెటాల్ నీళ్లలో మునిగి, ఎండలో ఆరి, అటక ఎక్కాననుకున్నాను. మొన్న పక్కింటావిడ వచ్చింది, వాళ్ల ఆడపిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారట. మామ్మే స్టూలెక్కి నన్ను దింపి, దుమ్ము తుడిచి, ఆవిడ చేతిలో పెట్టింది.

‘మెడ దగ్గర రెండు వేళ్లు దూరాలి. అంచు ముక్కు దాటి ఉండాలి. రాత్రంతా ఏడుస్తుంది, నీ మొహంకేసి చూసి మరీ ఏడుస్తుంది. జాలిపడి తియ్యమాకమ్మా.’