చదరపు మైళ్ళ రోజులు

ఇండియా వైశాల్యం ఎంత, పాకిస్తాన్‌ది ఎంత అని అడిగితే జేబులోంచి ఫోను తీస్తావు. అంకె చూస్తావు, తలూపుతావు, మరుక్షణం మర్చిపోతావు. మా రోజుల్లో అలా కుదిరేది కాదోయ్ అబ్బాయ్. ఆ ఒక్క లెక్క కోసం మా సోషల్ మాస్టారు మాచేత పూటంతా చాకిరీ చేయించేవారు. నూనె రాసి ఆరబెట్టిన పల్చటి కాగితం అట్లాసు మీద పరిచి, కచ్ దగ్గర మొదలుపెట్టి తీరం వెంట గీసుకుంటూ పోవాలి. ఆ గీతను గళ్ళ కాగితం మీదికి దించి గళ్ళు లెక్కపెట్టాలి. సగానికి మించి లోపలుంటే ఒకటి, లేకపోతే సున్నా. సుందర్బన్ దగ్గరికొచ్చేసరికి, ఆ గడి ఇటుదా అటుదా అని జుట్లు పట్టుకునేవాళ్ళం. పాకిస్తాన్‌ని రెండుసార్లు గీయాలి, అప్పట్లో అది రెండు ముక్కలు మరి, మధ్యలో వెయ్యి మైళ్ళ పొడవున మనం. రెండూ కలిపి సుమారు 3,65,000 చదరపు మైళ్ళు. మనది 12 లక్షల పైచిలుకు. అంటే మనలో పాకిస్తాన్ మూడున్నర సార్లు పడుతుంది. వేళ్ళకంటిన నూనె సాయంత్రానికి వదిలేది గానీ ఆ లెక్క ఇప్పటికీ వదల్లేదు.

తర్వాత మెట్రిక్ అన్నారు. ప్రతి అంకెనీ 2.59తో గుణించుకోవలసి వచ్చింది. నేల అంగుళం పెరగకుండా అంకె ఉబ్బిపోవడం నాకు ఇవాళ్టికీ నచ్చదు.

1971 డిసెంబరులో తూర్పు ముక్క విడిపోయేనాటికి నేనూ మాస్టరీలో చేరాను. కొత్త గోడపటం ఎప్పటికొస్తుందో ఏమో, చీటీ మీద ‘బంగ్లాదేశ్’ అని రాసి, ఉడికించిన మైదా జిగురుతో పాత పేరు మీద అంటించాం. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి దాన్ని వేలితో నొక్కి చూశారు. పాకిస్తాన్‌కి మిగిలింది 7,96,096 చదరపు కిలోమీటర్లు. మూడున్నర కాస్తా నాలుగు దాటింది. అంతకుముందు 1958లో వాళ్ళు ఒమన్ దగ్గర గ్వాదర్ కొనుక్కున్నారు. మనవైపు 1954లో యానాం, 1961లో గోవా, 1975లో సిక్కిం వచ్చి చేరాయి. యానాం ఎంతనుకున్నావు? 30 చదరపు కిలోమీటర్లు. అయినా దానికీ రంగు పెన్సిలు చెక్కాం.

ఇప్పుడో? నీ ఫోను మనకి ఒకచోట 32,87,263 అంటుంది, మరోచోట 29,73,190 అంటుంది. మొదటిది మన ప్రభుత్వ లెక్క, పాకిస్తాన్, చైనాల ఆక్రమణలో ఉన్న మన భూములు కూడా కలిపింది. రెండోదాంట్లో నదులు, జలాశయాలు తీసేశారు. పాకిస్తాన్ 7,96,096లో వాళ్ళ చేతిలో ఉన్న కశ్మీర్ లేదు, కలిపితే 8,81,913. ఇవన్నీ విడమర్చి చెప్పే తీరిక ఫోనుకెక్కడిది? పైగా అందులో పటం ఉత్తరానికి పోయేకొద్దీ సాగుతుంది. గ్రీన్‌లాండ్ మనకంటే ఎన్నో రెట్లున్నట్టు కనిపిస్తుంది. నిజానికి అది మనలో మూడింట రెండొంతులే!

మా కాలంలో అన్నీ నిలకడగా ఉన్నాయని అనను. ఎన్ని ముక్కలు అటూ ఇటూ అయ్యాయో ఇప్పుడు నేనే కదా ఏకరువు పెట్టాను. కానీ ప్రతి మార్పూ మా చేతుల మీదుగా, నెమ్మదిగా జరిగింది. ఏది ఏ ఏడు వచ్చిందో, ఏది పోయిందో పిల్లవాడు చెప్పగలిగేవాడు. 2015లో మనం బంగ్లాదేశ్‌కి 111 చిట్టి భూభాగాలు ఇచ్చి 51 పుచ్చుకున్నాం. జూలై 31 అర్ధరాత్రి దాటేసరికి అక్కడి ఊళ్ళకు ఊళ్ళే దేశం మారాయి. ఆ మర్నాడు మీలో ఎందరు అట్లాసు తెరిచారు?

చాదస్తమనుకున్నా సరే, చెబుతున్నాను విను. ఎవరైనా దేశ వైశాల్యం చెబితే, అది ఏ ఏటి లెక్క, ఏ నేల కలిపిన లెక్క అని అడుగు. అలా అడగడం అలవాటయ్యాక ఫోను వాడుకో, నేనేమీ అనను.