వచ్చింది వచ్చినట్టే పంపాం, మాకేం పాపం?

తెలుగువాణ్ని మోసం చేయడం అంత తేలిక కాదు. రైతుబజారులో బెండకాయ కొనాలంటే చివర విరిచి చూస్తాడు. పుచ్చకాయను వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటాడు. పిల్లకు సంబంధం వస్తే అబ్బాయి జీతం చీటీ దగ్గర్నుంచి వాళ్ల మేనత్త మూడో ఆడపడుచు గుణగణాల దాకా ఆరా తీయిస్తాడు. ఇంతటి అనుమానపు మనిషి తెల్లవారుజామున ఐదింటికి ఫోను చేతిలోకి తీసుకోగానే పసిపిల్లాడైపోతాడు. "అమెరికా శాస్త్రవేత్తలు తేల్చేశారు" అని కనబడితే చాలు. ఏ అమెరికా, ఎవరా శాస్త్రవేత్తలు, ఏం తేల్చారు అని అడగడు. చదవడం పూర్తికాకముందే కాలనీ గ్రూపుకు, టెన్త్ బ్యాచ్ గ్రూపుకు, అత్తగారి వైపు గ్రూపుకు పంపేస్తాడు. కింద మాత్రం మరిచిపోకుండా ఒక ముక్క తగిలిస్తాడు: "ఫార్వర్డెడ్ యాజ్ రిసీవ్డ్".

ఆ ముక్క మహిమ అంతా ఇంతా కాదు. గంగలో మునిగితే పాపాలు పోతాయంటారు గానీ కాశీదాకా రైలు టికెట్టు ఖర్చుంది, దారిలో దోమలున్నాయి. ఇక్కడ అవేమీ లేవు. పంపేటప్పుడు తెలిసినవాడినన్న గౌరవం మనది, తప్పని తేలితే పాపం మనకు పంపినవాడిది. వాడికీ ఇంకొకడు పంపాడు కాబట్టి ఆ పాపం అలా వెనక్కి వెనక్కి పోతుందే తప్ప ఎవరి గుమ్మం ముందూ ఆగదు.

ఈ గ్రూపుల కోసం సెలవు లేకుండా చాకిరీ చేసేవాళ్లు ఇద్దరు: యునెస్కో, నాసా. మన జాతీయగీతమే ప్రపంచంలోకెల్లా గొప్పదని యునెస్కో "కొద్ది నిమిషాల క్రితమే" ప్రకటించిందన్న వార్త ఏళ్ల తరబడి ప్రతి ఆగస్టులోనూ కొద్ది నిమిషాల క్రితమే పుడుతోంది. అలాంటి ప్రకటన మేం చేయలేదు మహాప్రభో అని ఆ సంస్థ ఎప్పుడో మొత్తుకుంది. దాని మాట ఎవరు వింటారు? అది ఉత్త యునెస్కో. మనవాళ్లు యునెస్కో తరఫున మాట్లాడేవాళ్లు.

నాసాది ఇంకో కథ. దీపావళి రాత్రి అంతరిక్షం నుంచి మన దేశం ఇలా మెరిసిపోతోందంటూ ఏటా ఒక రంగురంగుల ఫొటో వస్తుంది. అది ఏ ఒక్క రాత్రిదీ కాదు. ఉపగ్రహాలు 1992 నుంచి 2003 దాకా తీసిన రాత్రి చిత్రాలను కలిపి, ఏ దీపాలు ఎప్పుడు కొత్తగా వెలిగాయో తెలిసేలా రంగులు అద్దిన పటం. అంటే ఏ మూల ఊరు ఎప్పుడు పెరిగిందో, ఎక్కడ కొత్తగా వెలుగు వచ్చిందో చెప్పే పటం. టపాసుల కన్నా వంద రెట్లు గొప్ప సంగతి, నిజంగా గర్వపడాల్సిన సంగతి. కానీ ఆ గొప్ప మనకు అక్కర్లేదు. చిచ్చుబుడ్డే కావాలి.

2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయ్యాక కొత్త రెండువేల నోటులో నానో జీపీఎస్ చిప్ ఉందన్నారు. భూమిలో 120 మీటర్ల లోతున పాతిపెట్టినా ఉపగ్రహం పసిగడుతుందట! ఫోన్లో ఉన్న జీపీఎస్ మన అపార్టుమెంటు గేటు ఎటువైపుందో చెప్పలేక, క్యాబ్ డ్రైవరు "ఎక్కడున్నారు సార్" అని మూడుసార్లు ఫోన్ చేస్తాడు. బ్యాటరీ కూడా లేని కాగితం మాత్రం పాతాళం నుంచి కబురు పంపుతుందని పట్టభద్రులు నమ్మారు. చిప్ లేదు గిప్ లేదని రిజర్వు బ్యాంకు చెప్పింది, అప్పటి ఆర్థికమంత్రి అరుణ్ జైట్లీ చెప్పారు. తర్వాత 2023 మే 19న ఆ నోట్లను ఉపసంహరిస్తున్నట్టు ప్రకటించేనాటికి 3.56 లక్షల కోట్ల రూపాయల విలువైనవి చలామణిలో ఉన్నాయి. చిప్పే ఉంటే రిజర్వు బ్యాంకు ఓ వ్యాన్ వేసుకుని ఇంటింటికీ వెళ్లి పరుపుల కిందనుంచి తీసుకుపోయేది. "దయచేసి మీరే తెచ్చివ్వండి" అని సెప్టెంబరు దాకా గడువిచ్చి, చాలక ఇంకో వారం పొడిగించే అవస్థ దానికెందుకు? చిప్ గురించి నాకు పంపిన పెద్దమనుషుల్లో ఒక్కరైనా "అయ్యా, అది లేదట" అని ఈరోజు వరకూ పంపలేదు. తప్పును వెయ్యిమందికి పంచే వేలు, సవరణ దగ్గరకు వచ్చేసరికి ఎందుకో తిమ్మిరెక్కుతుంది.

ఇంతవరకూ నవ్వుకుని వదిలేయొచ్చు. బియ్యం దగ్గరికొచ్చేసరికి నవ్వు రాదు.

2017 జూన్‌లో హైదరాబాద్‌లో ప్లాస్టిక్ బియ్యం పుట్టుకొచ్చాయి. అన్నం ఉండచేసి నేలకేసి కొడితే బంతిలా ఎగిరింది, అదే రుజువు. టీవీలు ఆ బంతాటను ప్రసారం చేశాయి. పౌరసరఫరాల శాఖ నమూనాలు పరీక్ష చేయించింది, ప్లాస్టిక్ ఏమీ లేదని తేలింది. అన్నంలో ఉన్నది పిండిపదార్థం. గట్టిగా అదిమి ఉండచేస్తే ఏ అన్నమైనా కాస్త ఎగురుతుంది. మన అమ్మమ్మలకు ఈ రహస్యం తెలియకపోవడానికి కారణం ఒక్కటే: అన్నం పరబ్రహ్మస్వరూపమన్న భయంతో వాళ్లెప్పుడూ దాన్ని నేలకేసి కొట్టి చూడలేదు. పోనీ వ్యాపారం లెక్కైనా చూడాలి కదా. ప్లాస్టిక్ గుళికల కిలో ధర రేషన్ బియ్యానికి ఎన్నో రెట్లు. ఖరీదైన సరుకు తెచ్చి చవక సరుకులో కలిపే కల్తీ వ్యాపారి ఎక్కడైనా ఉంటే అతన్ని జైల్లో కాదు, గుళ్లో పెట్టాలి.

ఆ పుకారు అక్కడితో చచ్చిపోయిందనుకున్నాం. పోషకాలు కలిపిన ఫోర్టిఫైడ్ బియ్యం వచ్చాక మళ్లీ లేచింది. 2024 నాటికి ప్రభుత్వ పథకాల్లో ఇచ్చే బియ్యాన్నంతా ఇలా మారుస్తామని 2021 ఆగస్టు 15న ఎర్రకోట మీద ప్రధాని ప్రకటించారు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్ కలిపి, మళ్లీ గింజ ఆకారంలోకి మరలో ఒత్తి, మామూలు బియ్యంలో నూటికి ఒక పాలు చొప్పున కలుపుతారు. ఆ గింజ రంగులో కాస్త తేడాగా కనిపిస్తుంది, నీళ్లలో పోస్తే ఒక్కోసారి తేలుతుంది. తేలిందా, ఇంకేం! ఎవరో వీడియో తీశారు, "రేషన్ బియ్యంలో ప్లాస్టిక్, మీ పిల్లలు జాగ్రత్త" అన్నారు, మనవాళ్లు యాజ్ రిసీవ్డ్ అన్నారు. దాంతో రేషన్ బియ్యం తెచ్చుకునే ఇళ్లలో చాటలో పోసి, కళ్లు చికిలించి, ఆ గింజల్ని ఒక్కొక్కటే ఏరి పారేయడం మొదలైంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా మహిళలు రక్తహీనతతో ఉన్నారు. ఆ ఆడవాళ్లే నడుం నొప్పెట్టేలా కూర్చుని, తమకోసం కలిపిన ఇనుమును ఏరి కోళ్లకు వేస్తున్నారు. ఇంటి కోళ్లకు మాత్రం రక్తహీనత ఉండదు.

బియ్యంలో ఇలా ఇనుము కలపడం సరైన పద్ధతేనా, ఆకుకూరలూ గుడ్లూ పప్పూ అందరికీ అందేలా చూడటం మేలు కదా అని వాదించేవాళ్లున్నారు. నాకూ వాళ్ల మాటలో పస కనిపిస్తుంది. గింజ ఇలా ఎందుకుందో డిపో దగ్గర నిలబడి నాలుగు ముక్కల్లో చెప్పే నాథుణ్ని పెట్టకుండా సంచీ మీద ముద్ర వేసి చేతులు దులుపుకున్న అధికారులకూ ఇందులో వాటా ఉంది. అది వాదన, అది విమర్శ. ప్లాస్టిక్ అనడం ఆ రెండూ కాదు. పైగా ఆ వీడియో పంపిన పెద్దమనిషి ఇంట్లో రేషన్ బియ్యం వండరు. ఆయన తినేది పాత సోనామసూరి.

ఇలా అంటే వాళ్ల దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉంది. "నిజమో అబద్ధమో, జాగ్రత్తగా ఉంటే పోయేదేముంది బాబూ?"

పోయేదేముందో 2020 ఫిబ్రవరిలో కోళ్ల రైతును అడగాల్సింది. కోడిమాంసం తింటే కరోనా వస్తుందన్న ఫార్వర్డ్ ఊళ్లమీద పడింది. అప్పటికి తెలంగాణలో ఒక్క కేసు కూడా లేదు. చికెన్ ధర మాత్రం పాతాళానికి పడిపోయింది. ఫిబ్రవరి 28న హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో అప్పటి తెలంగాణ మంత్రులు కేటీఆర్, ఈటల రాజేందర్, తలసాని శ్రీనివాస్ యాదవ్ వేదికెక్కి అందరిముందూ చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. ప్రజాస్వామ్యంలో మంత్రుల బాధ్యతలు ఎన్నో ఉంటాయి, లెగ్‌పీసు కొరికి ప్రజలకు భరోసా ఇవ్వడం వాటిలో ఒకటని ఆరోజే తెలిసింది. కర్ణాటకలోని బెళగావి జిల్లాలో ఒక రైతు మేత ఖర్చు కూడా రాక వేల కోళ్లను బతికుండగానే గోతిలో పూడ్చేశాడు. మరికొన్నాళ్లకు చికెన్ తింటే ఇమ్యూనిటీ పెరుగుతుందని అదే గ్రూపులో అదే బాబాయ్ పంపాడు. యాజ్ రిసీవ్డే.

పోయేదేముందో బీదర్ జిల్లా ముర్కీలో కూడా అడగొచ్చు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని 2018లో ఒక వీడియో దేశమంతా తిరిగింది. అది పాకిస్తాన్‌లోని కరాచీలో, పిల్లల భద్రత గురించి తల్లిదండ్రులను హెచ్చరించడానికి తీసిన చిన్న ప్రచార చిత్రం. చివర్లో ఎత్తుకుపోయినవాడే పిల్లాణ్ని వెనక్కి తెచ్చి దింపి, హెచ్చరిక రాసిన అట్ట చూపిస్తాడు. ఎవరో పుణ్యాత్ముడు ఆ చివరను కత్తిరించాడు. మిగిలింది మనవాళ్లు పంచారు. ఆ జులైలో హైదరాబాద్ నుంచి సరదాగా వెళ్లిన కొందరు మిత్రులు బీదర్ దగ్గర ఒక ఊళ్లో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. అనుమానించి జనం గుమిగూడారు, వాళ్లు కారెక్కి పారిపోయారు. కారుకన్నా ముందు మెసేజ్ పోయింది. ముర్కీలో దారికి అడ్డంగా మాను పడేసి ఆపారు. వాళ్లలో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరును కొట్టి చంపారు. గ్రూపు అడ్మిన్‌తో సహా చాలామందిని పోలీసులు అరెస్టు చేశారు. ఆ మెసేజ్ పంపిన ప్రతి ఒక్కడూ జాగ్రత్తగా ఉందామనే పంపాడు.

పల్లెటూరివాళ్లు, చదువుకోనివాళ్లు, వాళ్లకేం తెలుసులే అని మనం ఒక మాట అనేసుకుంటాం. అదీ ఫార్వర్డే. అదే 2018లో జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీగా రెమా రాజేశ్వరి ఉన్నారు. ఎండాకాలంలో ఆరుబయట మంచాలేసుకుని పడుకునే జనం పొద్దుగూకగానే తలుపులు బిగించుకుంటున్నారని ఊళ్లకు వెళ్లిన కానిస్టేబుళ్లు గమనించారు. కారణం వాట్సాప్ వీడియోలని తేలింది. ఊరికొక పోలీసును కేటాయించి, డప్పు కొట్టించి, పాటలు కట్టించి, అది అబద్ధమని చెప్పించారు. ఆమె పరిధిలోని నాలుగు వందలకు పైగా గ్రామాల్లో ఆ పుకార్లకు ఒక్క ప్రాణమూ పోలేదు. నిరక్షరాస్యులు డప్పు విని అర్థం చేసుకున్నారు. మరి గేటెడ్ కమ్యూనిటీలో ఎవరు డప్పు కొట్టాలి? కొడితే అసోసియేషన్ ఊరుకుంటుందా? రాత్రి పది దాటాక శబ్దాలు నిషేధమని గ్రూపులో నోటీసు పెడుతుంది. దాని కిందే డెంగీకి బొప్పాయి ఆకు చిట్కా ఉంటుంది. దాని కింద రిటైర్డ్ చీఫ్ ఇంజినీరుగారి దండం పెట్టే బొమ్మ.

వాట్సాప్ కంపెనీవాళ్లు కూడా తమకు చేతనైంది చేశారు. మనదేశంలో ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా 2018లో కట్టడి పెట్టారు. చాలా చేతులు మారిన మెసేజ్‌కు జంట బాణాల గుర్తు తగిలించారు. 2020 ఏప్రిల్‌లో అలాంటిదాన్ని ఒకసారికి ఒకే చోటికి పంపగలిగేలా చేశారు. పాపం, వాళ్లకు మన పట్టుదల తెలీదు. కాపీ చేసి కొత్తగా అతికిస్తే బాణాలూ ఉండవు, లెక్కా ఉండదు. ఫోన్లో బ్యాంకు బ్యాలెన్సు చూసుకోవడానికి మనవణ్ని పిలిచే తాతగారికి ఈ విద్య మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది.

ఇప్పుడు ఏఐ వచ్చింది కాబట్టి జనం తెలివిమీరతారని నాలాంటివాళ్లు ఆశపడ్డారు. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖం వేరే అమ్మాయి ఒంటికి అతికించిన వీడియో తిరిగింది. తర్వాత జనవరిలో ఢిల్లీ పోలీసులు వచ్చి గుంటూరు జిల్లా కుర్రాణ్ని పట్టుకెళ్లారు. ఆమె అభిమానుల పేజీకి ఫాలోవర్లు పెంచుకోవడానికి చేశాడట. ఈ గొడవతో కన్ను కూడా మోసం చేస్తుందని అందరికీ అర్థమైంది. అయితే అర్థమైన పాఠాన్ని మనవాళ్లు వాడే చోటే వేరు. తమకు నచ్చిన అబద్ధాన్ని ఇప్పటికీ అలాగే నమ్ముతున్నారు. నచ్చని నిజం కనబడితే మాత్రం "అబ్బే, ఏఐ అయ్యుంటుంది" అంటున్నారు. తమ నాయకుడు నోరు జారిన వీడియో ఏఐ. అవతలి నాయకుడు నోరు జారితే ప్రత్యక్షసాక్ష్యం. పూర్వం అబద్ధాన్ని నమ్మించడమే కష్టమైన పని. ఇప్పుడు నిజాన్ని నమ్మించాలన్నా పూచీకత్తు కావాలి.

మొన్న మా వీధి మలుపులో పడిన గుంత ఫొటో తీసి కాలనీ గ్రూపులో పెట్టాను. స్థానిక నాయకుడి వీరాభిమాని ఒకాయన, నాలుగిళ్ల అవతలి మాస్టారు, క్షణంలో జవాబిచ్చారు: "ఇది ఏఐ ఫొటో. మా వార్డు పరువు తీయడానికి చేసిన కుట్ర." దానికి తొమ్మిది మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేను ఫోన్ చేశాను. "మాస్టారూ, గుంత మీ ఇంటికి నలభై అడుగుల్లో ఉంది. పొద్దున పాలప్యాకెట్‌కు వెళ్లేది ఆ దారినే కదండీ. ఒకసారి బయటికొచ్చి చూడండి" అన్నాను.

"ఇప్పుడెక్కడొస్తానండీ, మోకాళ్ల నొప్పులు" అన్నారాయన. "మీరే ఒక వీడియో తీసి పంపండి, చూస్తాను."