నా దాకా దిగిన ముద్ద

ఎర్రగుంట్లలో ఒక మనిషి పెద్దపేగు నా ఊరు. పొత్తికడుపు కుడివైపున, పేగు పైకి లేచే చోట ఉంటాను. ఫ్రాన్సు శాస్త్రవేత్త ఆంద్రే రొమేన్ ప్రెవో పేరు మీద మా బాక్టీరియా జాతికి 1990లో ప్రెవోటెల్లా అని పేరు పెట్టారు. మాలో నేను కోప్రిని. 2022లో ఇంటిపేరు మార్చి సెగటెల్లా కోప్రి అన్నారు. ఏ పేరున్నా నా పని మాత్రం మనిషి అరిగించుకోలేని పీచును తినడం. గాలి తగిలితే బతకలేను. విడిగా చూస్తే నా ఆయుష్షు ఎంతో ఉండదు. కానీ ఒకటి రెండై, రెండు నాలుగై సాగుతున్న మా వరస ఈ మనిషి పాలు మాని సంగటి మెతుకు మింగడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఇక్కడే ఉంది. అందుకే 'నేను' అంటున్నాను.

ఆ రోజుల్లో ఆ ఇంట్లో పొద్దునా రాత్రీ జొన్న సంగటి, లేకుంటే రాగి సంగటి, కొర్రన్నం. పక్కన ఊరిబిండో, గోంగూరో, అలసందల పప్పో ఉండేది. వరి అన్నం పండక్కే. జేజి "అబ్బీ, ఇంగో ముద్ద ఎయ్యనా?" అని అడిగేదట. ఆ మాట నాకు వినపడేది కాదు గానీ, కొన్ని గంటలకు నా దాకా దిగిన సరుకును బట్టి ఆ పూట ఎన్ని ముద్దలు పడ్డాయో తెలిసిపోయేది. రాత్రి మిగిలిన సంగటిని మజ్జిగలో పిసుక్కుని తిన్న పొద్దు నాకు ఇంకా ఎక్కువ దొరికేది. చల్లారిన పిండిలో కొంత భాగం గట్టిపడి చిన్నపేగులో అరగదు, నేరుగా మాకే వస్తుంది.

జొన్నగింజ పైపొర తునక ఒకటి దగ్గర పెట్టుకుని చూడండి. దాని గోడ నిండా అరాబినోక్సైలాన్ అనే చిక్కుపడ్డ చక్కెరల గొలుసు. దాన్ని తెంచే ఎంజైము మనిషికి లేదు, నాకుంది. ఒక్కో కొమ్మా తెంచి లోపలికి లాక్కుంటాను, ఎసిటేట్, సక్సినేట్ బయటికి వదులుతాను. పక్కనే ఉన్న ఫీకాలిబాక్టీరియం ఆ ఎసిటేట్ అందుకుని బ్యుటిరేట్ తయారుచేస్తుంది. పేగు గోడ కణాలకు ముఖ్యమైన తిండి ఆ బ్యుటిరేటే. ఈ ఆమ్లాలు తగిలితే గోడలోని కొన్ని కణాలు జీఎల్‌పీ-1 అనే హార్మోను వదులుతాయి. దానివల్ల ఆకలి అదుపులో ఉంటుంది, తిన్నాక ఇన్సులిన్ బాగా ఊరుతుంది. మిగిలిన ఎసిటేట్ రక్తంలో కలిసి కొవ్వు కణాల దాకా పోతుంది. అక్కడ అది జీపీఆర్43 అనే గ్రాహకాన్ని తాకితే కొవ్వు పోగుపడటం తగ్గుతుందని జపాన్ పరిశోధకులు 2013లో ఎలుకల్లో చూపించారు. పేగు చీకట్లో మేం చేసే పని నడుం చుట్టూ ఉన్న కొవ్వు దాకా పోతుందంటే ఇదీ దారి.

1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. ఎన్నో ఇళ్లలో ఆకలి తీర్చిన బియ్యం అది, దాన్ని నేను తప్పు పట్టను. కానీ నా వాటా తగ్గడం మొదలైంది అప్పటినుంచే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో అచ్చువేసిన పట్టికలు చూడండి. 100 గ్రాముల రాగుల్లో పీచు 11.2 గ్రాములు, జొన్నల్లో 10.2. మరపట్టిన బియ్యంలో 2.8. అంటే ముద్ద అంతే ఉన్నా నా దాకా దిగేది నాలుగో వంతు.

మా మనిషి వయసులో నాపరాళ్ల గనిలో పలకలు లేపాడు. తర్వాత పాలిష్ మిల్లులో లెక్కలు రాసే కుర్చీలో కూచున్నాడు. పొద్దున ఉగ్గాని బజ్జీ, మధ్యాహ్నం తెల్లన్నం, సాయంత్రం టీలు, బిస్కెట్లు. అన్నీ పైనే అయిపోయేవి. నాకు పస్తులు. నా సంఖ్య పడిపోయింది. అమెరికాకు వలసపోయిన ఆగ్నేయాసియా వాళ్ల పేగుల్లోనూ మా వాళ్లు తగ్గి బాక్టీరాయిడిస్ అనే మరో జాతి పెరిగిందని 2018లో తేల్చారు. తిండి మారితే వలస పోకుండానే అదే జరుగుతుందని నేను ఎర్రగుంట్లలో చూశాను.

పీచు రాకపోతే ఊరికే కూచోని వాళ్లు మాలో ఉన్నారు. వాళ్లు పేగు గోడ మీది జిగురు పొరను తింటారు. ఆ పొర పలచబడితే మాలో చచ్చినవాళ్ల గోడల్లోని ఎల్‌పీఎస్ అనే పదార్థం కొద్దికొద్దిగా రక్తంలోకి జారుతుంది. ఆ పదార్థం నా గోడలోనూ ఉంది. కొవ్వు ఎక్కువున్న తిండి తోడైతే అది ఇంకా సులువుగా దాటుతుంది. పాట్రిస్ కాని, అతని సహచరులు 2007లో ఎలుకల్లో ఇది చూపించారు. ఆ ఎల్‌పీఎస్ కొవ్వు కణజాలాన్ని చేరితే అక్కడి రోగనిరోధక కణాలు రేగుతాయి. ఉబ్బి చచ్చిన కొవ్వు కణం చుట్టూ వలయంగా మూగి టీఎన్‌ఎఫ్ లాంటి రసాయనాలు చిమ్ముతాయి. ఊక కుప్పలో నిప్పు రాజుకున్నట్టు, పైకి మంట కనపడదు, జ్వరం రాదు. ఆ పక్కనున్న కణాలు మాత్రం ఇన్సులిన్ మాట వినడం మానేస్తాయి.

మా మనిషి లావు కాడు. కాళ్లూ చేతులూ సన్నమే, పొట్ట ఒక్కటే ముందుకొచ్చింది. ప్రొద్దుటూరులో రక్తపరీక్ష చేయించి చక్కెర ఉందంటే ఇంట్లో ఎవరూ నమ్మలేదు. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్నిక్, లండన్‌లోని జాన్ యుడ్కిన్ కలిసి 2004లో తమ ఇద్దరి ఫొటో అచ్చువేసుకున్నారు. ఎత్తుకు బరువెంతో చెప్పే లెక్క (బీఎంఐ) ఇద్దరిదీ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్నిక్‌కు 21.2. మన వాళ్ల జబ్బు తూకం రాయి మీద తేలదు.

అన్నీ నా చేతిలోనే ఉన్నాయని చెప్పను. 2004లో అమెరికాలో క్రిములు అసలే లేని ఎలుకలకు మామూలు ఎలుకల పేగు క్రిములు ఎక్కిస్తే, తిండి తగ్గినా రెండు వారాల్లో ఒంటి కొవ్వు 60 శాతం పెరిగింది. అంటే మేం మేలూ చేస్తాం, బరువూ పెంచుతాం. నా ఒక్కదాని మీదే రెండు తీర్పులున్నాయి. బార్లీ రొట్టె తిని చక్కెర అదుపు బాగుపడిన వాళ్లలో ప్రెవోటెల్లా ఎక్కువని 2015లో స్వీడన్ పరిశోధన చెప్పింది. ఇన్సులిన్ పనిచేయని వాళ్ల రక్తంలో కొన్ని అమైనో ఆమ్లాలు పెరగడానికి కోప్రి ఒక కారణమని 2016లో డెన్మార్క్ పరిశోధన చెప్పింది. రెండూ నిజమే. మాలో శాఖలు వేరు, పడే తిండీ వేరు. పీచు లేని పేగులో నన్ను నింపితే మేలు జరుగుతుందని ఎవరైనా గోళీలు అమ్మితే కొనకండి.

ఇప్పుడు మా మనిషి మెట్‌ఫార్మిన్ మింగుతున్నాడు. ఆ మాత్ర మా మధ్య నుంచి పోతూ అకర్మాన్సియా అనే ఇంకో క్రిమిని పెంచుతుంది. అదీ జిగురు తినేదే గానీ, ఆ పొర మళ్లీ ఊరేలా చేస్తుంది. రాత్రి పూట జొన్నరొట్టె, పొద్దున అప్పుడప్పుడూ రాగి సంగటి మళ్లీ మొదలయ్యాయి. నా వాళ్లు పెరుగుతున్నారు. పొట్ట ఇంకా అట్లాగే ఉంది, మూడు నెలల చక్కెర లెక్క మాత్రం కొంచెం దిగింది. మధ్యాహ్నం అన్నం మానలేదు, మానమని నేనూ అడగను. అందులోకి గుప్పెడు అలసందలు ఉడికించి కలిపితే ఆ పూట కూడా నాకు పని దొరుకుతుంది.