మన మధ్య ఫీజేందబ్బయ్యా!

సూళ్లూరుపేటలో ఇల్లు కట్టేవాడి డబ్బు ఎవరికి ముందు పోతుందో ఒక వరస ఉంది. వాస్తు సిద్ధాంతికి తాంబూలంలో పెట్టి ఇస్తారు. మేస్త్రీ అడ్వాన్సు అందందే తాపీ పట్టడు. శనివారం బట్వాడా ఆగిందా, సోమవారం మనిషి కనబడడు. ఇసుక ట్రాక్టరువాడు నోట్లు లెక్కపెట్టుకున్నాకే ట్రక్కు ఎత్తుతాడు. టైల్స్ కోసం చెన్నై లోకల్ ఎక్కి పోయి, అడిగినంతా ఇచ్చి వస్తారు. ఈ వరసకు చిట్టచివర ప్లాను గీసిన ఇంజినీరు ఉంటాడు. ఆ ఇంజినీరు స్నేహితుడైతే వరసలోనే ఉండడు.

నేను స్నేహితుణ్ణి.

"చిన్న గీత గీసిపెట్టబ్బయ్యా, మన మధ్య ఫీజేంది?" అన్నాడు మావాడు. కాళంగి ఏటికి నీళ్లొస్తే ఇంట్లోకి రాకుండా పునాది ఎంత ఎత్తు లేపాలి, మునిసిపాలిటీకి ఏ పక్క ఎంత జాగా వదలాలి, బ్యాంకు లోనుకు అంచనా ఎంత వేయాలి, అన్నీ ఆ చిన్న గీతలోనే. సిద్ధాంతి మెట్లు అటు తిప్పమన్నప్పుడల్లా మళ్లీ మొదటికొచ్చి గీసినవి లెక్కలోకి రావు. ఇటుక కంటికి కనబడుతుంది గనక దానికి రొక్కం. నా బుర్రకు చేపల పులుసు. పులుసు మీద నాకే ఫిర్యాదూ లేదు. మామిడికాయ వేసి ముందురోజే కాచి పెట్టిన పులుసు. కాకపోతే కరెంటు బిల్లు కట్టే చోట పులుసు తీసుకోరు.

గృహప్రవేశానికి పిలిచాడు. పోకపోతే డబ్బు కోసం అలిగాడంటారు. పోయాను. నాకు రావాల్సింది ఏ పుస్తకంలోనూ లేదు గానీ, నేనిచ్చిన వెయ్యినూటపదహార్లు ఇంటిపేరుతో సహా చదివింపుల పుస్తకానికెక్కాయి. మావాడు పక్కకు తీసుకెళ్లి, "వచ్చే నెల ఇచ్చేస్తా, చెంగాళమ్మ తల్లి తోడు" అన్నాడు. రాకెట్ వదిలే ముందు ఇస్రో పెద్దలే వచ్చి మొక్కే తల్లి, ఆమె మీద ఒట్టంటే నోరెలా పెగులుతుంది? షార్‌లో రాకెట్ కౌంట్‌డౌన్ మధ్యలో ఆగినా ఎప్పటికో సున్నాకు చేరుతుంది. మావాడి వచ్చే నెలకు సున్నా లేదు.

చట్టానికి ఈ మొహమాటాలేం లేవు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం నోటిమాటతో కుదిరినా ఒప్పందమే. ఒప్పందం సరిగా లేకపోయినా, ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా చేసిన పనితో లాభం పొందినవాడు ప్రతిఫలం ఇవ్వాలంటుంది 70వ సెక్షన్. తిరకాసంతా ఆ ఉద్దేశం దగ్గరే. "డబ్బుదేముందిలేరా, ముందు ఇల్లు కానీ" అని నలుగురిలో మనం ఒలకబోసే పెద్దరికం ఉందే, అవతలి లాయరుకు అంతకు మించిన సాక్ష్యం దొరకదు. పైగా దావాకు గడువు మూడేళ్లు. చెల్లింపు తేదీ అనుకోకపోతే పని ముగిసిన నాటి నుంచే లెక్క. ఆలోగా బాకీ ఉన్నానని రాసి సంతకం పెడితే గడువు మళ్లీ మొదలవుతుంది. ఒట్టు పెట్టినంత సులువుగా సంతకం ఎవరు పెడతారు? లోక్ అదాలత్ ఉంది. కోర్టు ఫీజుండదు, కేసు వేయకముందే పోవచ్చు. కానీ రాజీకి ఇద్దరూ రావాలి. మావాడు కాదనడు, వస్తాడు. నా బండి మీదే వస్తాడు, పెట్రోలు నాదే.

ఈ మధ్య ప్లాను కాగితం మూలన, పేరూ స్కేలూ వేసే గడిలో, క్యూఆర్ కోడ్ కూడా అచ్చు వేస్తున్నాను. మేడ మీద గది కోసం మళ్లీ వచ్చిన మావాడు దాన్ని చూసి ముచ్చటపడ్డాడు. ఫోను తీసి స్కాన్ చేసి, ఒక్క రూపాయి పంపాడు.

"వచ్చిందా? బాగానే పనిచేస్తా ఉంది" అన్నాడు.

ఆ రూపాయి బాకీలో జమ కింద పడి గడువు పెరుగుతుందేమోనని ఆశపుట్టి, లాయరు స్నేహితుణ్ణి టీ కొట్టుకు పిలిచాను. దానికీ మావాడి చేతిరాతో సంతకమో ఉండాలన్నాడు. అరగంట విడమరిచి చెప్పి, "అది సరేగానీ సామీ, మా పెరట్లో రెండు గదులు లేపితే ఎంతవుద్ది?" అన్నాడు. నేనూ అరగంట చెప్పాను. ఫీజు మాట ఇద్దరిలో ఎవరమూ ఎత్తలేదు. టీ డబ్బులు మాత్రం ఎవరివి వాళ్లం ఇచ్చుకున్నాం.