చాకిరీ ఒకరిది, పేరు మల్లెది

సబ్బుపొడి కొనడానికి వెళ్తే పూలకొట్టుకొచ్చామా అనిపిస్తోంది. మల్లె, గులాబీ, లావెండర్! చొక్కా కాలరు జిడ్డు వదిలించడంలో మాత్రం వీటికి పైసా పాత్ర లేదు. ఆ చాకిరీ సర్ఫాక్టెంట్లది, ఎంజైములది. ఆ ‘మల్లె’లో ఏయే రసాయనాలున్నాయని ప్యాకెట్టు తిరగేస్తే ‘పెర్ఫ్యూమ్’ అన్న ఒక్క మాటతో సరిపెడతారు. ఆఖర్న కలిపే సాఫ్ట్‌నర్ అయితే తువ్వాలుకు పూత పూసి వదుల్తుంది. ఇక ఆ తువ్వాలు తడి పీలుస్తుందా? ఒళ్లంతా పులుముతుంది! పోనీ ‘వాసన లేనిది’ అని రాసినది తెద్దామంటే, కొన్నింట్లో రసాయనాల కంపును కప్పెట్టే పరిమళం దొంగచాటుగా ఉంటుంది. ఇంట్లో పసిబిడ్డో, ఆస్తమా మనిషో ఉంటే ‘పరిమళం కలపలేదు’ అని స్పష్టంగా రాసినదే తెచ్చుకోండి. మల్లెలంటారా, సాయంత్రం మూర కొనుక్కోండి.