ఆట ఒకటే, అంగళ్లు వేరు

రాయ్‌పూర్ పండ్రి బజారులో చీర ధర నచ్చకపోతే పక్క కొట్టుకు పోవచ్చు. ప్లేస్టేషన్ డిజిటల్ కొట్టుకు పక్క కొట్టే లేదు. 2022లో ఎల్డెన్ రింగ్ అనే వీడియో గేమ్ విడుదలైనప్పుడు పీసీ ఆటల కొట్టు స్టీమ్‌లో రూ.2,499, ప్లేస్టేషన్‌లో రూ.3,999. ఆట అదే, అందులో మన చావులూ అవే! ప్లేస్టేషన్ లాంటి కన్సోల్‌ను చౌకగా ఇస్తారు, ఆ లోటు ఆటల మీద రాబట్టుకోవద్దా అంటారు. సరే, కానీ ఆట డిస్కు కొన్నవాడు ఆడేసి సగం ధరకైనా అమ్ముకుంటాడు, డౌన్‌లోడ్ చేసుకున్నవాడు ఏం అమ్ముకోవాలి, పాస్‌వర్డా? పీసీ కొట్లేమీ ధర్మసత్రాలు కావు, 2022 అక్టోబరులో స్టీమ్ కూడా రూపాయి ధరల సిఫార్సును పెంచింది. కాకపోతే అక్కడ 2 గంటలలోపే ఆడి ఉంటే 14 రోజుల్లో డబ్బు వాపసు అడగొచ్చు. ప్లేస్టేషన్‌లో డౌన్‌లోడ్ మొదలైతే, ఆటలో లోపముంటే తప్ప, డబ్బు గోవిందా. డిస్కు డ్రైవు లేని కన్సోల్ చౌక అని మురిసేముందు ఈ లెక్క కూడా వేసుకోండి.