ఫ్యానుకి నూనె పోసిన పాపం

మా హాల్లో ఫ్యానుకి నేను శత్రువుని కాను. ఈ మాట ముందే చెప్పి పెట్టుకోవాలి, ఎందుకంటే పోయిన వేసవిలో దానికి నేను చేసిన సేవలన్నీ వరసగా విన్నాక మీరు ఎలాగూ నమ్మరు.

మాది విజయవాడ. ఉండేది పై అంతస్తులో. మా పైన స్లాబు, స్లాబు పైన సూర్యుడు, అంతే. మే నెలలో పగలంతా ఎండ తాగిన ఆ స్లాబు రాత్రి పన్నెండింటికి కూడా అట్లపెనంలా సెగలు కక్కుతూ ఉంటుంది. ఆ పెనానికి మూరెడు కింద మా ఫ్యాను వేలాడుతుంటుంది. పాపం, మాకు గాలి విసిరే దానికి విసిరేవాళ్లు ఎవరూ లేరు.

"ఏవండీ, ఫ్యాను ఏదో అంటోంది" అంది మా ఆవిడ ఒక రాత్రి.

విన్నాను. గరగర. నడుమ నడుమ కిర్రుమని ఒక మూలుగు. మంచం మీంచి లేవకుండానే తేల్చేశాను. "నూనె లేదు."

ఆ తేల్చడం వెనక వంశ చరిత్ర ఉంది. మా నాన్నగారికో టేబుల్ ఫ్యాను ఉండేది. ఏటా వేసవి మొదట్లో దాని బెజ్జంలో రెండు చుక్కలు కుట్టుమిషను నూనె వేసేవారు, అది ఎండాకాలమంతా కిక్కురుమనకుండా తిరిగేది. దాన్లో ఉండేది బుష్షు. ఇరుసు తిరిగే చిన్న లోహపు గొట్టం, దాని పక్కన నూనె పీల్చుకుని దాచుకునే ఫెల్టు ముక్క. దానికి నూనె కావాలి. సీలింగు ఫ్యానులో ఉండేది బాల్ బేరింగు. లోపల గ్రీజు పెట్టి, రెండు పక్కలా రేకు మూతలు బిగించే వస్తుంది. దానికి నా నూనె అక్కర్లేదు. ఈ తేడా నాకు తెలిసేసరికి సీసా సగమైంది.

కుట్టుమిషను నూనె ఇంట్లో లేదు కాబట్టి కొబ్బరినూనె పోశాను. రెండు రోజులు చప్పుడు ఆగింది. నేను ఇంట్లో కాలు మీద కాలేసుకుని కూచున్న రోజులవే. మూడో రోజు తెలిసింది అసలు సంగతి. సీలింగు ఫ్యానులో అంతా తిరగేసిన వ్యవహారం: నడిమి ఇరుసు కదలదు, చుట్టూ డొప్ప తిరుగుతుంది. (మా ఇంట్లోనూ అంతే. కుర్చీలో నేను కదలను, ఇల్లంతా నా చుట్టూ తిరుగుతుంది.) తిరిగే డొప్పలో పోసిన నూనె ఊరుకుంటుందా? లోపలున్న గ్రీజును కరిగించి, వెంటబెట్టుకుని, బయటికి దూకింది. గోడల మీద నల్లటి చుక్కల దండ. క్యాలెండరులో అమ్మవారి మొహాన ఒకటి. ఊర్నించి వచ్చిన మా మామగారి తెల్లపంచె మీద మూడు.

లోపల మిగిలిన నూనె దుమ్ముతో కలిసి జిగురైంది. గరగర కాస్తా కరకర అయింది.

అప్పుడు మా బావమరిదికి ఫోన్ చేశాను. ఫ్యాక్టరీలో మెయింటెనెన్సు చూస్తాడు. "బావా, బేరింగుకి ఇద్దరే పగవాళ్లు. వేడీ, వణుకూ" అన్నాడు. బేరింగులో 70 డిగ్రీలు దాటాక, వేడి 15 డిగ్రీలు పెరిగినప్పుడల్లా గ్రీజు ఆయుష్షు సగానికి సగం పడిపోతుందని బేరింగు కంపెనీల లెక్కట. వాడు ఇంకా ఏదో చెప్పబోతున్నాడు, నేను అప్పటికే ఫోన్ పెట్టేసి రంగంలోకి దిగాను.

ముందు వేడి. స్టూలు మీద టేబుల్ ఫ్యాను పెట్టి, మెడ వంచి, సీలింగు ఫ్యాను మోటారు వైపు తిప్పాను. ఫ్యానుకి ఫ్యాను వేసినవాణ్ణి మా వీధిలో నేనొక్కణ్ణే అనుకుంటాను. ఆ సాయంత్రం పక్కింటావిడ పెరుగు తోడు కోసం వచ్చి, పైకి చూసి, కిందికి చూసి, తోడు అడక్కుండానే వెళ్లిపోయింది.

అది చాలక, సాయంత్రాలు ఓల్టేజి పడిపోయి ఫ్యాను నీరసంగా తిరుగుతోందని 2.5 కండెన్సరు తీసి 3.15 వేశాను. స్పీడు పెరిగిన మాట నిజం. కానీ కండెన్సరు పెద్దదైతే వైండింగులో కరెంటు పెరిగి మోటారు మరింత కాగుతుంది. వేడి తగ్గించే కార్యక్రమంలో నేను చేసిన రెండో పని పొయ్యిలో మరో రెండు కట్టెలు ఎగదోయడం.

ఇక వణుకు. ఊగే ఫ్యానుకి రెక్క మీద రూపాయి బిళ్ల అంటిస్తే కుదురుకుంటుందని ఎవరో చెప్పగా విన్నాను. ఏ రెక్క తేలికో చూసి అంటించాలన్నది ఆ ఉపాయంలో రెండో సగం. అది నేను వినలేదు. ఉదారంగా మూడు రెక్కలకీ ఒక్కో బిళ్ల అంటించాను. అర్ధరాత్రి టేపు వదిలి ఒక బిళ్ల ఖంగుమని స్టీలు బిందెని కొట్టింది. మా మామగారు లేచి కూచుని "దొంగలు!" అన్నారు.

తర్వాత ఒక రెక్క వంగిందని అనుమానమొచ్చి, పడగ్గది ఫ్యాను రెక్క తెచ్చి దీనికీ, దీని రెక్క దానికీ మార్చాను. మూడు రెక్కల్నీ తూకం చూసి జతకలిపి పెట్టెలో పెడతారని నాకేం తెలుసు? అంతకుముందు ఇంట్లో ఒక ఫ్యాను ఊగేది. ఆ రాత్రి నుంచి రెండూ ఊగాయి.

చివరికి విప్పేశాను. పాత బేరింగులు పట్టుకెళ్లి కొట్టువాడికి చూపిస్తే, పైది 6202, కిందిది 6201 అన్నాడు. చివరి రెండంకెల్లోనే లోపలి బెజ్జం కొలత ఉంటుందట. 02 అంటే 15 మిల్లీమీటర్లు, 01 అంటే 12. ఇంత చదువు ఒక్క పూటలో వచ్చేసరికి కొంచెం తలకెక్కింది. కొత్త బేరింగును మూతలోని గూట్లో పెట్టి, అల్లం దంచే రోకలిబండతో నాలుగు దెబ్బలు వేశాను. కూచుంది. అంతా బిగించాక నేల మీద ఒక పల్చటి వాషరు మిగిలింది, అప్పడంలా అలలు అలలుగా.

"ఇదేంటండీ?" అంది మా ఆవిడ.

"కంపెనీ వాడు ఎక్స్‌ట్రా ఇస్తాడు" అన్నాను.

కొత్త బేరింగులతో మా ఫ్యాను పాతవాటికంటే గట్టిగా అరిచింది. నేను ఆఫీసుకెళ్లిన పూట చూసి మా ఆవిడ మెకానిక్కుని పిలిపించింది. తీరా ఏదో మరిచిపోయి నేను వెనక్కి వచ్చేసరికి, అతను కింద మఠం వేసుక్కూచుని నా బేరింగుని వేలికి తొడిగి చెవి దగ్గర తిప్పుతున్నాడు.

"సుత్తితో కొట్టారా సార్?"

"సుత్తి కాదు" అన్నాను. అది నిజమే.

నడిమి రింగు మీద కొడితే ఆ దెబ్బ గోలీల మీంచే కదా అవతలి రింగుకి పోవాలి. గోలీలు తిరిగే దారిలో సన్నటి గుంటలు పడతాయి. ఇక గుంటగుంటకీ ఒక చప్పుడు. అతను మా ఆవిణ్ణి మరిగే నీళ్లు అడిగాడు. టీ కోసమేమో అనుకున్నాను. అల్యూమినియం మూతని ఆ నీళ్లలో ముంచి తీసి, గబగబా తుడిచి, ఇంకో కొత్త బేరింగు గూటి మీద పెట్టి బొటనవేలితో నొక్కాడు. సడి లేకుండా దిగిపోయింది. వేడికి ఇనుముకంటే అల్యూమినియం దాదాపు రెట్టింపు సాగుతుంది, గూడు ఒక వెంట్రుకవాసి విచ్చుకుంటుంది, చల్లారాక పట్టేస్తుంది. ఇన్నాళ్లూ నేను తరిమికొట్టిన వేడిని అతను గిన్నెలో పెట్టి పని చేయించుకున్నాడు.

తర్వాత మోటారు డొప్ప చిల్లుల్లో దుమ్ము దూది పట్టినట్టు పట్టి ఉంటే బ్రష్షుతో లాగాడు. గాలి ఆడక మోటారు కాగేది అందుకేట. రెక్కల అంచుల మీద మట్టి తుడిచాడు. ఊగడానికి సగం కారణం అదేట. సంక్రాంతి నుంచీ మా ఆవిడ "ఫ్యాను తుడవండి" అంటూనే ఉంది, నేను దాన్ని సాంకేతిక సలహాగా గుర్తించలేదు. కొక్కెం దగ్గర అరిగిన రబ్బరు బుష్షు మార్చాడు. రెక్కలు ఎవరివి వాళ్లకి అప్పగించాడు. చీపురుపుల్ల నిలబెట్టి ఒక్కో రెక్క కొసకీ కప్పుకీ మధ్య ఎడం కొలిచి, తేడా ఉన్నదాన్ని చేత్తో కొంచెం సవరించాడు. కండెన్సరు చూసి నా వైపు చూశాడు. నేను క్యాలెండరు వైపు చూశాను.

మధ్యలో ఒకసారి ఆగి, "బేరింగు మీద కూచోవాల్సిన వేవ్ వాషరు లేదు సార్. అది లేకపోతే బేరింగు గూట్లో ఎగిరెగిరి పడుతుంది" అన్నాడు.

మా ఆవిడ దేవుడి గూట్లోంచి, కుంకుమభరిణె కింద దాచిన వాషరు తెచ్చి అతని చేతిలో పెట్టింది. "మీరు ఎక్స్‌ట్రా అన్నారు కదా, అందుకే జాగ్రత్త పెట్టాను" అంది నాతో.

ఇప్పుడు ఫ్యాను తిరుగుతోందో లేదో తల ఎత్తి చూస్తేగానీ తెలియదు. కొబ్బరినూనె సీసా మాత్రం బీరువాలోకి చేరింది. తలకి రాసుకోవాలన్నా అరచెయ్యి చాపి పోయించుకుంటున్నాను.